మూడో వంతు పొలం

నా చిన్నప్పుడు పర్చూరు దగ్గర మా ఊళ్లో దూదేకే పని మా ఇంటిదే. పరుపులు, బొంతలు కుట్టి, ఆ పనితోనే మా తాతయ్య మూడెకరాల నల్లరేగడి పొలం సంపాదించాడు. ఐదు పూటలా నమాజు తప్పేవాడు కాదు.

నాకు తొమ్మిదేళ్లప్పుడు, పొరుగూరి మసీదులో పిల్లలకు చదువు చెప్పే మాస్టారొకాయన ప్రతి శుక్రవారం మా ఇంటికి రావడం మొదలుపెట్టాడు. చంకలోని సంచి కింద పెట్టేవాడు కాదు. ఇద్దరూ వసారాలో కూర్చుని గొంతు తగ్గించి మాట్లాడుకునేవారు. నేను మంచినీళ్లు తీసుకెళ్తే చటుక్కున ఆపేసేవారు. ఆయన వెళ్లగానే తాతయ్య ఏవో కాగితాలు ట్రంకుపెట్టెలో పెట్టి తాళం వేసేవాడు.

"మతం పేరు చెప్పి పొలం రాయించుకుంటన్నాడు," అనేవాడు మా చిన్నాన్న. మా నాన్న నోరు మెదపని మనిషి. నాకు మాత్రం ఆ అనుమానం అంటుకుంది. మాస్టారు నవ్వితే ఎందుకు నవ్వాడా అని, నవ్వకపోతే ఏం దాస్తున్నాడా అని చూసేదాన్ని.

ఒక శుక్రవారం తాతయ్య తాళంచెవి మరిచిపోయి మసీదుకు వెళ్లాడు. చిన్నాన్న పెట్టె తెరిచి, చదువు వచ్చినదాన్నని కాగితం నా చేతికిచ్చాడు. 'నా తదనంతరం', 'ఒక ఎకరం', 'ధర్మానికి' అని చదివేసరికి చిన్నాన్న ముఖం నల్లబడింది. తలెత్తితే గుమ్మంలో తాతయ్య, వెనకాల మాస్టారు. కాగితం వీపు వెనక దాచుకున్నాను.

తాతయ్య అరవలేదు. అందరినీ కూర్చోబెట్టి, ఆ వీలునామా మొత్తం నా చేతే పైకి చదివించాడు. సర్కారు ఆసుపత్రిలో కాన్పయిన పేద ఆడవాళ్లకు, ఏ కులమైనా ఏ మతమైనా, ఆ ఎకరం పంట మీద వచ్చే డబ్బుతో బొంతలు కుట్టించి ఇవ్వాలని అందులో ఉంది.

"మూడో వంతుకు మించి రాసే హక్కు మన ధర్మంలో నాకు లేదురా. మిగతాది మీ అన్నదమ్ములది, మీ అక్కది," అన్నాడు.

"ఆ ఎకరం ఎవరి చేతిలో ఉంటది నాయనా? ఈయన చేతిలోనేగా?" అని చిన్నాన్న నిలదీశాడు.

మాస్టారు తలదించుకున్నాడు. దొరికిపోయాడనుకున్నాను.

"ఆ బరువు నాకొద్దని మొదటినుంచీ మొత్తుకుంటున్నానండీ," అన్నాడాయన మెల్లగా. "బిడ్డలకు చెప్పి రాయండి అన్నా మీ నాయన వింటేగా."

వసారాలో గుసగుసలన్నీ అందుకేనని అప్పుడు తెలిసింది. తాతయ్య నా చేతిలోంచి కాగితం తీసుకున్నాడు. చిన్నాన్న వైపు తిరిగి, "చెప్పకుండా రాయడం నా తప్పేరా. ఈయన పేరు తీయించి నీ పేరు రాయిస్తా. నమ్మనోడివి నువ్వేగా, నువ్వే కాపలా కాయి," అన్నాడు.

తాతయ్య పోయాక చిన్నాన్న బతికున్నంత కాలం ఆ పని చూశాడు. ప్రతి బొంతకూ ఒక మూల కుట్టు విప్పి, లోపలి దూది వేళ్లతో నలిపి చూసిగాని ఇచ్చేవాడు కాదు. ఆసుపత్రికి వెళ్లేటప్పుడు మాస్టారిని బతిమాలి సాక్షిగా వెంట తీసుకెళ్లేవాడు.

మొన్నీమధ్య నేనూ వీలునామా రాయించాను. పిల్లలను కూర్చోబెట్టి పైకి చదివాను. నా చిన్నకూతురు అడ్డం తగిలి ప్రశ్న మీద ప్రశ్న వేస్తుంటే, మిగతావాళ్లు "అమ్మనే అనుమానిస్తావా" అని కసిరారు. వాళ్లను ఆగమన్నాను. ఆమె అడిగినవాటిలో రెండింటికి నా దగ్గర జవాబు లేదు. ఆ రెండింటి కోసం ఇప్పుడు మళ్లీ రాయిస్తున్నాను.