వేన్నీళ్ళ మిషన్‌కు కప్పిన గొంగడి

ఆ రోజుల్లో నడుముకు తాడు కట్టుకుని మిద్దె ఎక్కడమంటే నాకు పట్టుచీర కట్టుకున్నంత దర్జా. కోదాడలో చదువు ముగించి, సూర్యాపేటలో సోలార్ గీజర్లు బిగించే దుకాణంలో కొత్తగా చేరాను. మా సేటు (మంచివాడే, నోరే ఊరుకోదు) "ఆడపిల్లవు, నీడపట్టున కౌంటర్ల కూసోరాదు?" అనేవాడు. నేను పట్టు విడవకపోతే చివరికి, "సరే, గీ ఒక్క ఇల్లు సూస్త. ఏదన్న పలిగిందనుకో, ఇగ మిద్దె మాటెత్తొద్దు" అని త్రిపురారం పంపాడు.

గొర్రెలు కాసి పైకొచ్చిన కుటుంబం వాళ్ళది. కొత్త బంగ్లాకు పిట్టగోడ ఇంకా కట్టలేదు. ముందురోజే గాజు గొట్టాలు ఎక్కించి, నీళ్ళు నింపేదాకా ఎండ తగలకుండా నల్లగుడ్డ కప్పి వచ్చాను. ఖాళీ గొట్టాలు ఎండకు లోపల పెనంలా కాలతాయి, పైకి మాత్రం చల్లగానే ఉంటాయి. అప్పుడు చన్నీళ్ళు పడ్డాయంటే పగలడం ఖాయం. మర్నాడు గృహప్రవేశం. నేను తాడు ఒక కొస పిల్లర్‌కు కట్టి, రెండోది నడుముకు బిగించుకుని, మిద్దె అంచున బోర్లా పడుకుని గోడకు పైపు బిగించడం మొదలెట్టాను. "గొర్రెపిల్లను కట్టేసినట్టు గా తాడేంది బిడ్డా?" అని ఆ ఇంటి అవ్వ అంటే చుట్టాలంతా నవ్వారు. నేనూ నవ్వాను (లోపల మండింది).

పని ధ్యాసలో ఎంతసేపయిందో తెలియదు. ఊదుబత్తి వాసనకు తల తిప్పి చూస్తే నల్లగుడ్డ లేదు! శుభమా అని ఇంట్లోకొస్తుంటే నలుపేంటని ఎప్పుడో పీకేశారట. గొట్టాలకు పసుపు, బొట్లు. గొట్టాల తలమీదుండే ట్యాంకు పక్కన స్టూలెక్కి అవ్వ కొడుకు నీళ్ళ బిందె ఎత్తాడు. తొలి నీళ్ళు అవ్వ చెయ్యి వేసి పోయాలట. చుట్టూ పిల్లలు.

"ఆగండి! పొయ్యకండి!" అంటూ ఉరికాను. సగం దూరంలో తాడు వెనక్కి లాగితే దభీమని కూలబడ్డాను. మిద్దెంతా నవ్వులు. ముహూర్తం దాటిపోతోందని పూజ చేయిస్తున్న అయ్యగారి కేకలు. చదువుకున్న ముక్క ఒక్కటీ నోటికి రాలేదు. "అవ్వా, దానికి జ్వరమొచ్చింది! ఒళ్ళు కాలిపోతుంటే మీ గొర్రెపిల్లకైనా చన్నీళ్ళు పోస్తారా?" అని కూర్చున్నచోటి నుంచే అరిచాను.

నవ్వులు ఆగిపోయాయి. అవ్వ బిందె దింపించింది. "ఆగుర, పిల్ల మంచిదే చెప్తాంది. పొద్దుగూకినంక పోద్దాం."

"మరి ముహూర్తం?" అన్నారు అయ్యగారు.

"బొట్టు పెట్టినం గద, ఇగ అయిపోయింది" అని, పక్కనున్న తన ముసలాయన భుజం మీది గొంగడి లాగి గొట్టాల మీద నిండుగా కప్పింది (జ్వరమొస్తే కప్పేదే మరి!).

గొట్టాలు చల్లారాక ఆమె చేత్తోనే తొలి బిందె పోయించాను. ఒక్కటీ పగల్లేదు. మర్నాడు సాయంత్రం అవ్వ సేటుకు ఫోన్ చేసింది (ఆమె గొంతు దుకాణమంతా వినబడింది). "నీళ్ళు పొగలు గక్కుతున్నయ్ సేటూ. మిర్యాలగూడల మా బిడ్డ ఇల్లు కడుతాంది. గాడికి గీ పిల్లనే తోలు. ఇంకెవలొచ్చినా మిద్దెక్కనియ్య." సేటు గొంతు సవరించుకుని, "ఇన్నవ్ గద, సామాను సర్దుకో" అన్నాడు. ఆ రాత్రి ఆనందంతో నాకు నిద్ర పట్టలేదు.

ఇప్పుడు దుకాణం నాదే. మిర్యాలగూడ బస్సెక్కితే చాలు, నేను బిగించినవన్నీ మిద్దె మిద్దెకూ చూసుకుంటూ మెడనొప్పి తెచ్చుకుంటాను. అంతమంది నవ్వుతున్నా సిగ్గుపడే తీరికైనా లేకుండా అరిచిన ఆ పిల్లను తలచుకుంటే గర్వంగా ఉంటుంది, నవ్వూ వస్తుంది. ఇంత అనుభవం, ఇంత పేరు వచ్చాక నలుగురిలో అలా కూలబడి అరవగలనా అంటే, అనుమానమే.