మా అత్త కాపాడిన బ్యాటరీ

కొండ మీద మా ఊరి బడి ఐదో తరగతితో ఆగిపోతుంది. ఆరో తరగతికి నా కూతురిని, మా గుంటను, లోయలో హాస్టల్లో చేర్పించాను. రెండు నెలలకే జ్వరం తగిలి, పుల్లలా అయిపోయి ఇంటికొచ్చింది. నా చెయ్యి పట్టుకుని, మళ్లీ పంపొద్దని ఒకటే మాట.

మా ఊరికి బస్సు రాదు, రోజూ అంత నడక పిల్లకు కుదరదు, అందుకే ఆ మాట కోసం కరెంటు స్కూటర్ కొన్నాను. లోయలో కాఫీ గింజలు ఏరే షెడ్డులో నా పని. హైస్కూలు దాని పక్కనే. పొద్దున్న ఇద్దరం కొండ దిగేవాళ్లం, సాయంత్రం ఇద్దరం ఎక్కేవాళ్లం. బండి నడిచినంత కాలం పిల్ల నా పక్కన పడుకుంటుంది. నాకు కావలసింది అంతే.

వారంటీ పుస్తకం ఇంగ్లీషులో ఉంది. ఇంటర్ దాకా చదివానన్న గర్వం ఒకటి ఏడ్చింది కదా, ఎవరినీ అడగలేదు. నేనే చదివాను. చదవడమంటే, మూడేళ్లు అన్న ముక్క చూసి మూసేశాను.

మొదటి చలికాలం రాగానే బండి నీరసపడింది. తిరుగు దారిలో ఎక్కుడు దగ్గర మొరాయించేది. మా అత్తకు దాన్ని చూస్తే జాలేసింది. చలికీ చెమ్మకీ పాడవకూడని వస్తువుకి మా ఇళ్లలో ఒకటే చోటు, పొయ్యి మీది అటక. చోడి విత్తనాలు, మొక్కజొన్న కంకులు అన్నీ అక్కడే పొగ పడుతూ ఉంటాయి.

“ఇత్తనమే సావదు అక్కడ. దీనికేటవుద్ది?” అంది.

రోజూ ఛార్జింగ్ అయ్యాక బ్యాటరీ బండిలోంచి తీసి, పాత చీరలో చుట్టి అటక మీద పెట్టేది. మర్నాడు బండి హుషారుగా ఎక్కింది. మా అత్త తెలివి గురించి షెడ్డులో అందరికీ చెప్పుకున్నాను. పక్కింటివాళ్లు వాళ్ల ఫోన్లు కూడా తెచ్చి మా అటక మీద పెట్టారు.

రెండో ఏడు గడిచేసరికి పొద్దున్న తెర మీద వంద చూపించిన బండి సాయంత్రం సగం కొండకే ఆగిపోయేది. గుంట పుస్తకాల సంచీతోనే దిగి వెనక నుంచి తోసేది. తర్వాత తోయడం ఎక్కువ, ఎక్కడం తక్కువ అయింది.

ఒకరోజు బ్యాటరీని ఒళ్లో పెట్టుకుని లోయ నుంచి బస్సులో ఇంకా కింది పట్నానికి వెళ్లాను. సర్వీసు సెంటర్లో ఒక పెద్దాయన ఓపిగ్గా చెప్పాడు. వంద అంటే కుండ నిండిందని అర్థం, కానీ కుండే చిన్నదైపోతోంది అన్నాడు. ఏడాదికి కొంత చిన్నదవడం మామూలే, దానికి వారంటీ రాదు. మూడేళ్లలోపు డెబ్బై శాతం కంటే కిందికి దిగితేనే కొత్తది ఇస్తారట. మిషన్‌కి తగిలించి చూశాడు. అరవై ఒకటి. నా బతుకులో ఒక వస్తువు పాడైనందుకు అంత సంతోషపడింది అదొక్కసారే.

తర్వాత బ్యాటరీ పెట్టెను తిరగేశాడు. అడుగున వేలు రాసి చూసుకున్నాడు. వేలికి మసి అంటింది.

“పొయ్యి కాడ ఎట్టారేటమ్మా?” అన్నాడు.

అవునన్నాను. సిగ్గు లేకుండా, మా అత్త ఎంత జాగ్రత్తగా చూసుకుందో కూడా చెప్పాను. ఆయన పుస్తకం తెరిచి, నేను చదవని పేజీ తెలుగులో చెప్పాడు. నిప్పు దగ్గర, వేడి తగిలే చోట పెడితే వారంటీ ఉండదు. చలికి మరి బండి ఆగిపోయేది కదా అన్నాను.

“సలికి తగ్గింది మల్లీ వస్తాదమ్మా. వేడికి పోయింది ఇంక రాదు.”

ఆయన మీద కోపం రాలేదు. చదువొచ్చిన నా మీద నాకే అసహ్యం వేసింది. మా అత్తకు అక్షరం ముక్క రాదు. నాకు వచ్చు, అయినా ఆ పేజీ తిప్పలేదు. కొత్త బ్యాటరీ కొనే తాహతు మాకు లేదు.

గుంటను మళ్లీ హాస్టల్లో దించి వచ్చాను. ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు, నా చెయ్యి కూడా పట్టుకోలేదు. బట్టల పెట్టె తనే మోసుకుంటూ లోపలికి వెళ్లిపోయింది.

బ్యాటరీకి వయసైపోయిందని మా అత్తతో అబద్ధం చెప్పాను. ఆవిడ నమ్మింది. ఆ సాయంత్రం పొయ్యి రాజేసి, బ్యాటరీని పాత చీరలో చుట్టుకుని నా దగ్గరికి వచ్చింది.

“సెలవులకి గుంటని బేగి తేవాల కదే. ఇదిక్కడే ఉంటే సలికి సచ్చిపోద్ది. పైనెట్టీనా?”

పెట్టమన్నాను. ఆవిడకు అందకపోతే, నేనే ఎత్తి అటక మీద పెట్టాను.