పెద్దావిడకు ఐదు ద్రాక్షపళ్ళు

పోయిన మంగళవారం పొద్దున పెద్దావిడకు బీపీ చూస్తుంటే ఫోన్ మోగింది. పిన్ని చిన్నకూతురు. "అక్కా, అమ్మ పోయింది" అంది. ముందురోజు సాయంత్రం టీ పెట్టమని చెప్పి మంచం మీద ఒరిగిందట. టీ తెచ్చేసరికి లేదు. "చల్లారిపోతే తిడతదని లేపిన అక్కా" అని ఆ పిల్ల చెబుతుంటే, పెద్దావిడ చేతికి కట్టిన పట్టీ విప్పడం మర్చిపోయి నేను అలాగే నిలబడ్డాను. పెద్దావిడే చెయ్యి కదిలించి గుర్తుచేసింది.

పిన్ని అని పిలవడమే గాని మాకు చుట్టరికం లేదు. మస్కట్‌లో, బౌషర్ వైపు, ఒక ఒమానీ కుటుంబం ఇంట్లో ఆవిడ వంటమనిషి. నేను ఆ ఇంటి పెద్దావిడను చూసుకునే నర్సును. ఇంటి వెనక ఒకే గదిలో ఇద్దరం మూడేళ్ళు ఉన్నాం. ఆవిడది మేడ్చల్ వైపు పల్లె, నాది గోదావరి జిల్లా. నా మాటలు విని ఆవిడ నవ్వేది, ఆవిడ మాటలు విని నేను. చాలా రోజులు మా పరిచయమంతా ఆ నవ్వులే.

మా ఇంట్లో బడికి వెళ్ళిన మొదటి మనిషిని నేను. మా అమ్మకు సంతకం నేర్పింది నేనే. ఈ సంగతి విన్న రోజు నుంచి పిన్ని నన్ను ఒక పెద్ద ఆఫీసరులా చూసేది. మందుల సీసా మీద అక్షరాలు నాతో చదివించుకుని, అర్థం కాకపోయినా "మంచిగ చదివినవ్ బిడ్డా" అనేది. ఆవిడ చదువుకోలేదు. ఎనిమిదేళ్ళ వయసు నుంచి ద్రాక్షతోటల్లో కూలికి వెళ్ళింది. గుత్తిలో కాయలు ఒత్తుగా ఉంటే చిన్న కత్తెరతో కొన్ని తీసేసే పని. చిన్న వేళ్ళయితే గుత్తి లోపలికి దూరతాయని పిల్లల్నే పెట్టుకునేవారట. "బడిగంట మాకు తోటలకే ఇనపడేది. అది కొట్టంగనే మేము నీళ్ళు తాగెటోళ్ళం" అని చెప్పింది ఒకసారి. బాధపడుతూ ఏం చెప్పలేదు. నీళ్ళు తాగే వేళ ఎలా తెలిసేదో చెప్పింది, అంతే.

నేను ఆ ఇంట్లో చేరిన కొత్తలోనే ఒక సంగతి కనిపెట్టాను. పిన్ని తను వండింది ఎప్పుడూ రుచి చూసేది కాదు. వంట దింపేముందు నన్ను పిలిచేది. "నోరు తెరువు" అని గరిటెలో ఇంత ఊదిపెట్టేది.

"బాగుంది పిన్నీ."

"బాగుంటే బాగుంటది. ఎట్ల బాగుంది?"

"కొంచెం పులుపు."

"ఏం పులుపు? చింతపండు పులుపా, పచ్చిమామిడి పులుపా? నాలుక కొసకు తగులుతుందా, మింగినంక గొంతుల తెలుస్తుందా?"

నాకు చెప్పడం వచ్చేది కాదు. పులుపుకి ఇన్ని చిరునామాలు ఉంటాయని నేనెప్పుడూ అనుకోలేదు. ఒకరోజు విసుగొచ్చి, "నువ్వే చూసుకోవచ్చుగా" అన్నాను. ఆవిడ స్టవ్ తగ్గించి, తలుపు దగ్గరికి వేసి వచ్చింది.

"నాకు తెల్వది బిడ్డా. కరోనా వచ్చిపోయిన కాంచి నోట్ల ఏది పెట్టినా మట్టే."

వాసన, రుచి రెండూ పోయాయి. అప్పటికి ఏడాది కావస్తోంది. కొలతలతో నెట్టుకొస్తోంది. ఉప్పుకి ఒక చెంచా, కారానికి ఒక మూత. కానీ ఇక్కడి కూరల్లో వేసే ఎండునిమ్మకాయలు ఒకదానిలా ఇంకొకటి ఉండవు. టమాటాలూ అంతే. నేను పెద్దావిడను తీసుకుని ఆసుపత్రికి వెళ్ళినప్పుడల్లా వంట అటో ఇటో అయ్యేది. నేను మాత్రం డాక్టరుకి చూపిద్దాం, ఇంట్లో వాళ్ళకి చెప్పేద్దాం, ఇది నీ తప్పు కాదు అని పుస్తకంలో ఉన్నట్టు చెప్పాను.

"రుచి తెల్వని వంటామెను ఎవరు పెట్టుకుంటరు? చిన్నదాని డిగ్రీ ఇంకా రెండేండ్లున్నది. గంతవరకు నీ నాలుక నాకియ్యి. చదువుకున్నదానివి, నీ నాలుకకు మాటలెక్కువుంటయి."

అలా ఆవిడ నాలుకనయ్యాను. మంచి నాలుకను మాత్రం కాలేకపోయాను.

ఆ వేసవిలో రెండుసార్లు వరసగా ఉప్పెక్కువైంది, రెండోసారి చుట్టాల ముందు. ఇంటి యజమానురాలిని ఇక్కడ పనిచేసేవాళ్ళందరం మామా అంటాం. పెద్దావిడకు ఆమె కోడలు. మంచి మనిషే, కాని ఇల్లు నడపాల్సిన మనిషి. పిన్ని కాంట్రాక్టు మరుసటి నెలలో అయిపోతుంది. మళ్ళీ రాయాలా వద్దా అని మామా ఆలోచనలో పడిందని ఇంట్లో అందరికీ తెలిసిపోయింది.

సరిగ్గా అప్పుడే జబల్ అఖ్దర్ ప్రయాణం వచ్చింది. ఆ కొండ మీద పెద్దావిడ పుట్టిల్లుంది. మెట్లు మెట్లుగా కట్టిన మళ్ళు, వాటిలో దానిమ్మ, గులాబీ, ద్రాక్ష. ఆగస్టులో ద్రాక్ష పండగానే కావలసినవాళ్ళు వెళ్ళి తోట తోటా తిరిగి, ఎవరి కాయ తీయగా ఉందో రుచి చూసి తేల్చడం వాళ్ళకొక వేడుక. ఆ ముందురోజు ఫోనులో మా తమ్ముడికి చెబితే, "ద్రాక్షతోటలు తిరిగి రుచి చూడటమంటే వైన్ ఇస్తారే" అన్నాడు. "ఇచ్చేది కహ్వా అని వాళ్ళ కాఫీ, ఖర్జూరం. నువ్వు రానక్కర్లేదు" అన్నాను.

కారులో మామా ఉప్పు సంగతి మళ్ళీ ఎత్తింది. అప్పటికి నాకు కాస్త అరబ్బీ తెలుసు. "ఈమె నాలుక ముసలిదైపోయింది" అంది. పెద్దావిడ కిటికీలోంచి చూస్తూనే జవాబు చెప్పింది. "ఈమె ద్రాక్షతోటల మనిషి. ఇవాళ నా పళ్ళు ఈమే ఏరుతుంది. నాలుక ఉందో లేదో అప్పుడు చూద్దాం."

"సరే, చూద్దాం" అంది మామా.

పెద్దావిడకు షుగరు. ఐదు పళ్ళకి మించి తినడానికి లేదని నేనే చెప్పాను. ఏడాదికోసారి వచ్చే ఐదు పళ్ళు. అవి ఏ తీగవి కావాలన్నది ఆవిడకు చిన్న విషయం కాదు. వెనక సీటులో పక్కనే ఉన్న పిన్నికి ఇదంతా తెలుగులో చెబితే, ఆవిడ నా మోకాలి మీద చెయ్యి వేసి కొండ మలుపులు చూస్తూ కూర్చుంది.

పైన చలిగాలి. మస్కట్ ఎండ నుంచి వచ్చిన మాకు ఏదో వేరే దేశానికి వచ్చినట్టే ఉంది. ఇంట్లోకి వెళ్ళగానే ఖర్జూరాలు, కహ్వా ఇచ్చారు. వద్దంటే బాగుండదని నేను నాలుగు తిన్నాను. పిన్ని ఒకటి తీసుకుని కొంగులో పెట్టుకుంది. పెద్దావిడను చక్రాల కుర్చీలో అరుగు మీద కూర్చోబెట్టాం. అక్కడి నుంచి కింద మళ్ళన్నీ కనిపిస్తాయి. ఆవిడ అన్నదమ్ముల పిల్లలవి మూడు తోటలు. పిన్ని బుట్ట పట్టుకుంది, నేను వెనకాలే నడిచాను. పక్కన సన్నటి కాలువలో నీళ్ళు చప్పుడు చేసుకుంటూ వస్తున్నాయి.

మొదటి పందిరి కింద నేను ఒక కాయ నోట్లో వేసుకున్నాను. "పులుపు పిన్నీ." రెండో తోటలో నల్లటివి, పెద్దవి, మెరుస్తున్నవి. "ఇదీ పులుపే, కాని కాస్త నయం." మూడోది చూడటానికే బాగాలేదు. చిన్న కాయలు, గుత్తుల చుట్టూ కందిరీగలు, సగం పిట్టలు పొడిచినవి. "ఇది మరీ పులుపు. రెండోదే తీసుకుందాం పిన్నీ, రెండోదే."

పిన్ని నా మొహంలోకి చూసింది. "వచ్చేముందు ఏం తిన్నవ్?"

"ఖర్జూరాలు."

"ఎన్ని?"

"నాలుగు."

"ఖర్జూరం తిన్న నోరు ఏం చెప్తది బిడ్డా. దానికి బెల్లం పెట్టినా పులుపే అంటది" అని బుట్ట నా చేతిలో పెట్టింది.

ఆ తర్వాత ఆవిడ చేసింది నేను అప్పటిదాకా ఎక్కడా చూడలేదు. ఒక కాయ తుంచి గోటితో చీల్చి గింజ చూసింది. పచ్చగా ఉంటే పారేసింది. గుత్తి కాడ పట్టుకుని అది పుల్లలా గట్టిపడిందో లేదో చూసింది. ఇంకో కాయ పిండి, ఆ రసం బొటనవేలికీ చూపుడువేలికీ రాసి, రెండు వేళ్ళూ కలిపి పట్టుకుంది. కాసేపాగి మెల్లగా విడదీసింది. కాలువలో చెయ్యి కడుక్కుంది. మళ్ళీ ఇంకో తీగ. మూడు తోటలూ మళ్ళీ మొదటి నుంచి తిరిగింది.

చిన్నప్పుడు తోటకి వైన్ కంపెనీ మనిషి ఒకాయన వచ్చేవాడట. కాయ కొనేముందు ఒక్కటీ తినేవాడు కాదట. "దినానికి ఇరవై తోటలు తిరగాలె. పది కాయలు తింటే నాలుక పనిచెయ్యదు, చేతి ఏళ్ళకేమైతది, తీపుంటే అంటుకుంటయి అనెటోడు. గుత్తి పట్టుకోమని నాకిచ్చి ఆయన ఏళ్ళు చూస్తుండె, నేను ఆయనను చూస్తుంటి" అంది పిన్ని.

మూడో తోటలో, పిట్ట పొడిచిన గుత్తి పక్క గుత్తి దగ్గర, ఆవిడ వేళ్ళు అతుక్కున్నాయి. విడదీస్తుంటే చర్మం సాగి, చిన్న చప్పుడుతో విడిపోయాయి. ఇంకోసారి చేసి చూసింది. నన్నూ చెయ్యమంది. నా వేళ్ళూ అతుక్కున్నాయి.

"ఇదే" అంది. అన్నాక భయపడింది. "చదువుకున్నదానివి, నువ్వు చెప్పు. తప్పయితే ఎల్లుండే నాకు టికెట్."

నా నాలుక ఇంకా రెండోదే అంటోంది. నేను బుట్ట ముందుకు చాపాను. ఆవిడే కోసింది.

అరుగు మీద అందరూ చేరారు. నేను గుత్తి కడిగి ఐదు పళ్ళు గిన్నెలో పెట్టాను. పెద్దావిడ ఒకటి నోట్లో వేసుకుని కళ్ళు మూసుకుంది. ఎంతకీ తెరవలేదు. మామా కూడా గుత్తిలోంచి ఒకటి తుంచి తింది, ఇంకోటి తింది, తర్వాత గుత్తి మొత్తం చేతిలోకి తీసుకుంది. పిన్ని కొంగు కొసను వేలికి చుట్టుకుంటూ నిలబడింది.

పెద్దావిడ చివరి పండు మింగి, "మా నాన్న వేసిన తీగ. ఇది ఇంకా ఉందా" అంది.

అందరూ భోజనాలకు లోపలికి వెళ్ళాక మా ఇద్దర్నీ ఆగమంది. ఆవిడకి వచ్చీరాని హిందీ ఉంది. "పైనుంచి చూస్తూనే ఉన్నాను. నువ్వు ఒక్కటి కూడా తినలేదు" అంది పిన్నితో. నేను కల్పించుకుని ఇది జబ్బు వల్ల అని మొదలుపెట్టబోయాను. పిన్ని నా చెయ్యి నొక్కి ఆపింది. తన సంగతి తనే చెప్పుకుంది, గల్ఫులో అందరం మాట్లాడే ఆ కలగూర భాషలో. "టేస్ట్ మాఫీ. ఏక్ సాల్."

రుచి లేదు, ఏడాది నుంచి. అంతే చెప్పి తల వంచుకుంది.

పెద్దావిడ పిన్ని చేతుల వైపు చూసింది. తర్వాత నవ్వింది. "నాకు నాలుక ఉంది, ఈ పిల్ల తిననివ్వదు" అని నన్ను చూపించింది. "రేపటి నుంచి నన్ను వంటింట్లోకి తీసుకురండి."

మర్నాడు కోడలితో, "నా ఉప్పు నేనే చూసుకుంటాను" అని చెప్పి చక్రాల కుర్చీ వంటింట్లో పెట్టించుకుంది. నర్సుగా నేను ఒక్క చెంచాకే ఒప్పుకున్నాను. ఆ చెంచా కోసం ఆవిడ పదింటి నుంచి తయారై కూర్చునేది. ఎంత వేసినా ఉప్పు తక్కువే అనేది. "ఆమెకు ఉప్పు తిననియ్యరు గద, అందుకే ఆశ" అని పిన్ని నవ్వి, నాకొక చెంచా పెట్టి, మా ఇద్దరి మాటలకీ మధ్యలో ఎక్కడో ఆగేది. వంట కుదిరింది. కాంట్రాక్టు మళ్ళీ రాశారు. రెండేళ్ళ తర్వాత చిన్నకూతురి డిగ్రీ అయిపోయిందని ఫోనొచ్చిన రోజు పిన్ని పాయసం చేసింది. అందులో చక్కెర సరిపోయిందో లేదో అడగలేదు. ఆ ఒక్కరోజే అడగలేదు.

ఆ తర్వాత పిన్ని పని మానేసి ఊరికి వెళ్ళిపోయింది. కొన్నాళ్ళకు ఫోను చేసింది. "బిడ్డా, ఇయ్యాల కాకరకాయ చేదు తెలిసింది" అంది. చేదు తెలిసినందుకు అంత సంతోషపడిన మనిషిని నేను ఇంకెక్కడా చూడలేదు. ఎలాంటి చేదు అని అడిగాను. మెంతుల చేదా, వేపాకు చేదా అని. ఆవిడ చాలాసేపు నవ్వింది. మిగతావి వచ్చాయో లేదో నాకు తెలీదు. అడుగుదామనుకుంటూనే ఉండిపోయాను.

పెద్దావిడకు మంగళవారం చెప్పలేకపోయాను. గురువారం కొండ మీద నుంచి ద్రాక్ష వచ్చింది. పిట్ట తిన్న గుత్తి పక్కది ఏరమని చెప్పి పంపిందట పెద్దావిడ. ఐదు పళ్ళు గిన్నెలో పెట్టి మంచం దగ్గరికి తీసుకెళ్ళి, అప్పుడు చెప్పాను. ఆవిడ ఒక పండు తీసుకుంది. నోట్లో పెట్టుకోలేదు. బలం లేని ఆ వేళ్ళతో మెల్లగా పిండి, రసం రాసి, బొటనవేలూ చూపుడువేలూ కలిపి పట్టుకుంది.

నేను తడిగుడ్డతో చెయ్యి తుడవబోతే వద్దంది. మధ్యాహ్నం నిద్రపోయేటప్పుడు చూశాను. దుప్పటి మీద ఆ రెండు వేళ్ళూ ఇంకా అతుక్కునే ఉన్నాయి.