జ్ఞాని చేతిలో పాస్టరుగారి పళ్ళు

కట్టుడు పళ్ళు చేసే ఆయనను వీధి వీధంతా జ్ఞాని అనేది. ఆ బిరుదు తగిలించింది బావమరిది, అదీ వెక్కిరింపుగా. ఆయన మాత్రం సన్మానంలా పుచ్చుకున్నాడు.

దుకాణం ఒకే గది. అలమరలో ప్లాస్టర్ అచ్చులు, అంటే వీధిలోని పెద్దమనుషుల దవడలన్నీ, వరసగా నోళ్ళు తెరుచుకుని ఉండేవి. అరిగిన పళ్ళూ ఊడిన పళ్ళూ చూసీ చూసీ ఆయనకు సృష్టికర్త పనితనం మీద గౌరవం పోయింది. సరిగ్గా అప్పుడే గ్నాస్టిక్కుల, అంటే జ్ఞానుల, గురించిన ఒక చవక పుస్తకం చేతికి చిక్కింది. క్రీస్తు తర్వాతి తొలి శతాబ్దాల్లో ఆ శాఖల వాళ్ళు చాలామంది, ఈ లోకాన్ని చేసింది అసలు దేవుడు కాదనీ, ఎవరో కిందిస్థాయి చేతకానివాడనీ, రహస్యజ్ఞానం ఉన్నవాళ్ళే దీన్నుంచి బయటపడతారనీ నమ్మేవారట. సగం పుస్తకంలోనే తాను బయటపడేవాళ్ళలో ఉన్నానని తేలిపోయింది కనుక, మిగతా సగం చదివే అవసరం ఆయనకు కలగలేదు.

"అసలు క్రైస్తవులు వాళ్ళేనండీ. బిషప్పులు వాళ్ళని గెంటేసి కుర్చీలెక్కారు," అన్నాడు ఒకరోజు, విరిగిన కింది పళ్ళ సెట్టు బాగుచేయించుకోవడానికొచ్చిన పాస్టరుగారితో.

"మన చేలో మొలిచిన కలుపయ్యా అది. పీకేశాం," అన్నారు పాస్టరుగారు, ఆ పీకుడులో తామూ ఒక చెయ్యి వేసినట్టు.

కాలేజీలో చరిత్ర చెప్పే బావమరిది పేపర్లోంచి తలెత్తాడు. "చేనూ మీది కాదు, కలుపూ మీది కాదు. అది వేరే మతం బావా, మీ ఇంట్లో అద్దెకి దిగింది. అయినా గ్నాస్టిక్కులని ఒక జట్టెక్కడుంది? నానారకాల జనాన్ని తర్వాతివాళ్ళు ఒకే సంచిలో కుక్కారు."

ఈ రెండు మాటలూ ఒకదానికొకటి పొసగవు. లెక్చరరు కాబట్టి ఆయన జంకలేదు. ముగ్గురిలో ఎవ్వరూ మూలగ్రంథం మొహం చూసినవారు కారు. వాదన అంత జోరుగా సాగడానికి అదే కారణం.

సెట్టు తయారైంది. జ్ఞాని ఇవ్వలేదు. గ్నాస్టిక్కులూ క్రైస్తవులేనని ఆదివారం ప్రసంగంలో ఒప్పుకుంటేనే పళ్ళు అన్నాడు. చక్రవర్తులకు లొంగని సంఘం అర దవడ కోసం లొంగదని పాస్టరుగారు బోసినోటితో ప్రకటించి వెళ్ళిపోయారు.

ఆ ఆదివారమే జ్ఞాని మనవరాలికి బాప్తిస్మం. కూతురు దుకాణానికి పరిగెత్తుకొచ్చింది.

"నాన్నా, పాపని నువ్వే ఎత్తుకోవాలని నా కోరిక. ఆ పళ్ళు ఇచ్చెయ్యి."

"సత్యం కోసం నిలబడ్డానమ్మా."

"ఆయన దవడ పట్టుకుని నిలబడ్డావు. ఇవ్వకపోతే పాపని మావయ్య ఎత్తుకుంటాడు."

"వాడా! వాడికి దేవుడే లేడు!"

"చేతులున్నాయిగా."

ఆదివారం జ్ఞాని పళ్ళను జేబురుమాల్లో చుట్టుకుని చివరి బెంచీలో కూర్చున్నాడు. పళ్ళు లేని పాస్టరు బతిమాలతాడని ధీమా. పాస్టరుగారు బతిమాలలేదు, ప్రసంగం మొదలెట్టేశారు. ఒక్క ముక్క ఎవరికీ అర్థం కాలేదు. వారం వారం కునికిపాట్లు పడే జనం నిటారుగా కూర్చున్నారు. ఇంత లోతైన వాక్యం ఎన్నడూ వినలేదని పక్క బెంచీ ఆవిడ కళ్ళొత్తుకుంది.

దేవుడు లేడనే బావమరిది పాపను జవాబుపత్రాల కట్టలా పొదివి పట్టుకుని నీళ్ళ తొట్టి దగ్గరికి నడిచాడు. అప్పటికి గాని జ్ఞానికి జ్ఞానోదయం కాలేదు. గబగబా వెళ్ళి రుమాలు విప్పి పళ్ళు అందించబోయాడు. పాస్టరుగారు మోచేత్తో పక్కకు నెట్టి, పాప నెత్తిన నీళ్ళు పోశారు.

గుమ్మం దగ్గర జనం పాస్టరుగారి ప్రసంగాన్ని తెగ పొగుడుతున్నారు. ఆ మెప్పు రుచి చూశాక ఆయన పళ్ళ ఊసే ఎత్తలేదు. జ్ఞాని కూతురి దగ్గరికెళ్ళి చేతులు చాచాడు.

"ఒక్కసారి ఇవ్వమ్మా."

"పడుకుంది నాన్నా," అంది కూతురు.

ఆమె భుజం మీద నుంచి పాప, కళ్ళు ఇంతలేసి చేసుకుని, ఆయన్నే చూస్తోంది.