లాంతరు గ్లాసులో కుట్టని దోమ

నిన్న మా అపార్టుమెంటులో ట్యాంకు మూత తెరిచిన ప్లంబరు, అడుగున ఎర్రటి పురుగులు మెలికలు తిరగడం చూసి కేక పెట్టాడు. అవేమిటో, ఎందుకొచ్చాయో అడిగినవాళ్లు ఒక్కరూ లేరు. నీళ్లన్నీ వదిలేయించి, మందు పోయించి ఎవరిళ్లకు వాళ్లు వెళ్లిపోయారు. ఆ పురుగుల మీదే నాలుగేళ్లు పరిశోధన చేసిన నాకు మాత్రం వజ్రకరూరు దగ్గర మా మేనమామ ఊరు గుర్తొచ్చి ప్రాణం ఉసూరుమంది.

అప్పట్లో నేను అనంతపురంలో ఉండి, ఎక్కడ నీటి మడుగు కనిపిస్తే అక్కడ బురద దేవుతుండేదాన్ని. పెళ్లీడు పిల్ల పురుగులేరుకుంటోందని చుట్టాలు ఎకసెక్కాలాడేవారు. ఆ ఎర్ర పురుగు పెరిగి దోమలాంటిదే అవుతుంది గానీ కుట్టదు, కుట్టడానికి దానికి తగిన నోరే లేదు. ఇలాంటివి ఎన్నో జాతులు. దేని పేరేదో తేల్చాలంటే ఒక్కో పురుగునూ ఒక్కో గాజు గొట్టంలో పెంచి, అది విడిచిన తొక్కలనూ చివరికి రెక్కలొచ్చిన ఆ కుట్టని దోమనూ కలిపి చూడాల్సిందే.

ఆ ఎండాకాలం మామ ఊళ్లో బోరు ఎండిపోయింది. ఊరికంతా మిగిలినవి సిమెంటు తొట్టిలో సగానికున్న నీళ్లే. ఆ తొట్టి బాధ్యత మామది. అమావాస్య అమావాస్యకీ అడుగు గీకి కడగడం అక్కడి కట్టుబాటు. నేను వెళ్లిన రోజునే ఎవరి బిందెలోనో ఎర్ర పురుగులు పడ్డాయి. ఊళ్లో అప్పటికే జ్వరాలు, ఇవి దోమ పిల్లలేనని పుకారు. బిరడా పీకి నీళ్లన్నీ వంకలోకి వదలాల్సిందేనని పదిమందీ తొట్టి దగ్గరికి వచ్చేశారు. అవి కుట్టేవి కావని, మూడు రోజుల్లో రుజువు చేస్తానని చెప్పాను. సరేనన్నారు గానీ, ఇద్దరు మనుషులు బిరడా దగ్గర నుంచి కదల్లేదు.

మెడ దగ్గర ఉబ్బిన పురుగులు త్వరగా ప్యూపా, అంటే రెక్కలకు ముందరి దశ, అవుతాయి. అలాంటివి మూడు ఏరి గొట్టాల్లో వేస్తే, ఆ ఎండకు మొదటి రోజే ఒకటి చచ్చింది, రెండో రోజు ఇంకొకటి. పక్కన కూర్చున్న మామ ఊరికే ఉండలేక, వాటికి ఆ రంగు ఎందుకని అడిగాడు. అడుగున బురద కుళ్లి గాలాడని చోట బతకడానికి వాటి ఒంట్లో మనలాగే ఎర్రటి రక్తం ఉంటుందని, నేనేదో పాఠం చెప్పినట్టు చెప్పేశాను. ఆయన ముఖం మాడిపోయింది. కడిగితే ఉన్న నీళ్లూ పోతాయన్న భయంతో నాలుగు అమావాస్యలుగా తొట్టి ముట్టనే లేదని నా ఒక్కదానితో ఒప్పుకున్నాడు. కడిగినానని మాత్రం ఊరికి చెబుతూ వచ్చాడు. ఆ సంగతి నా కడుపులోనే దాచుకోవాలని నిశ్చయించుకున్నాను.

మూడో నాటి సాయంత్రం మిగిలిన ప్యూపా నీటి పైకి తేలి, వీపు చిట్లి, ఆకుపచ్చని సన్నటి దోమ బయటపడింది. దాన్ని లాంతరు గ్లాసులోకి పట్టి, ఒక కొస గుడ్డతో మూసి, రెండో కొసను నా ముంజేతికి ఆనించి అందరి ముందూ కూర్చున్నాను. అది నా చేతి మీద వాలిన ప్రతిసారీ ఊరంతా ముందుకు వంగి చూసింది. చీకటి పడేవేళకు గ్లాసు తీస్తే చిన్న దద్దురు కూడా లేదు. నీళ్లు దక్కాయనుకుని లేవబోతున్నాను.

అప్పుడు మామ ముందుకొచ్చి అడిగాడు.

“పాపా, అవి ఎర్రగా ఏటికుండాయో వీళ్లకూ చెప్పు.”

నేను వినపడనట్టు గ్లాసు తుడవసాగాను. ఆయన తానే చెప్పాడు.

“అడుగంతా కుళ్లిన బురద ఉండాది. నాలుగు నెలలుగా నేను కడగలేదప్పా, కడిగినానని అబద్ధం చెప్పినాను.”

తిట్లు తిన్నాడు. తెల్లారి ఇంటింటి కుండలూ డ్రమ్ములూ నింపుకుని, చుక్క పోకుండా తొట్టి కడిగారు. అందరికంటే ముందు బురదలోకి దిగింది మామే. ఆ మర్నాటి నుంచి తొట్టి బాధ్యత వేరొకరిదైంది. సిగ్గుతో ఆయన చాలా కాలం మా ఇంటికి రాలేదు, నేనూ వెళ్లి పిలవలేదు.

ఇప్పుడు మన పిల్లలకు నీళ్ల బాధ తెలియదు, మంచిదే. కానీ జవాబు తన మెడకే చుట్టుకుంటుందని తెలిసి కూడా నలుగురిలో ప్రశ్న అడిగిన మనిషిని ఆ తర్వాత నేనెక్కడా చూడలేదు. నాకది ఎంత గర్వంగా అనిపించిందో ఆయన బతికుండగా ఒక్కసారైనా చెప్పి ఉండాల్సింది.