మామను మించిన రోజు

మొన్న మా మనవరాలు తెలుగు హోంవర్కు ముందేసుకుని, 'మించు' అనే మాటకు అర్థం చెప్పి సొంత వాక్యం కూడా చెప్పు తాతా అంది. ఇంకొకరిని దాటిపోవడమని అర్థమైతే చెప్పాను గానీ, వాక్యం మాత్రం గైడులో చూసుకోమన్నాను. నాకు గుర్తొచ్చింది ఒక్కటే, అది ఒమాన్‌లో సహం అనే ఊళ్లో విన్నది.

డెబ్బైల నాటి మాట. మాది సుతారి పని, అంటే గోడలు కట్టడం. నా చేతికి తాపీ ఇచ్చినవాడూ, కంపెనీలో అడిగి నన్ను ఒమాన్‌కు పిలిపించుకున్నవాడూ మా మేనమామే. మన ఈడు సుతార్లకు తెలుసు, మాలో ఒక మర్యాద ఉండేది. గోడకు ఒక మూల నుంచి పెద్దవాడు, రెండో మూల నుంచి చిన్నవాడు బ్లాకులు పేర్చుకుంటూ వస్తారు. చిన్నవాడి చెయ్యి ఎంత చురుకైనా, నీళ్లు తాగే నెపంతోనో తాపీ కడుక్కునే నెపంతోనో, పెద్దవాడు వచ్చి కలిసేదాకా నడుమ ఆగాల్సిందే.

ఒకరోజు సైట్‌కు కొత్త ఫోర్‌మన్ వచ్చాడు. నాకా ఇరవై రెండేళ్లు, ఒళ్లంతా పొగరు. నడుమ ఆగలేదు, మామ కాళ్ల దగ్గరిదాకా పేర్చేశాను. ఫోర్‌మన్ శాబాష్ అని వీపు తట్టాడు, రూమ్‌లో మావాళ్లు గురువును మించిన శిష్యుడన్నారు. ఇక నా కాళ్లు నేల మీద ఆనితేనా!

మర్నాడు డ్యూటీలో తాపీ నాకే ఉంచి, మామను సిమెంటు మాలు మోసే పనికి మార్చారు. ఆయనకు నడుము నొప్పని, వంగలేకపోతున్నాడని నాకొక్కడికే తెలుసు. ఆ సంగతి పైకి చెబితే ఇంటికి పంపేస్తారని దాచుకున్నాడు. తెలిసి తెలిసీ దాటాను. ఛీ, ఎంత పని చేశాను! ఆ నడుముతోనే మాలు తట్ట తెచ్చి నా పక్కన దించి, "నన్ను మించినవ్ అల్లుడా, మంచిదే. జరంత ఆగితే ఏం బోయేది?" అన్నాడు. ఆ ఏడే ఊరికి వెళ్లిపోయాడు, మళ్లీ తాపీ పట్టలేదు.

ఇప్పుడు పిల్లలకు మించడమే నేర్పుతున్నారు, ఆగడం ఏ బడిలోనూ చెప్పడం లేదు. మనవరాలు గైడులో చూసి 'గురువును మించిన శిష్యుడు' అని రాసుకుంది, టీచరు టిక్కు కూడా పెట్టింది. సాయంత్రం నడకకు వెళ్తే ఆ పిల్ల గబగబా ముందుకు పోయి, వెనక్కి తిరిగి చూసి, నేను అందుకునేదాకా నిలబడుతుంది. దానికి ఎవరూ నేర్పలేదు. నాకు నేర్పారు, అయినా ఆగలేదు.