కాలువ రేవు వీడియోలో ఆవిడ

దయ్యాల సంగతి ఎవరైనా ఎత్తితే నవ్వి ఊరుకునే మనిషిని నేను. డిగ్రీలో బాటనీ చదివాను. మా అత్తగారు పాపకి దిష్టి తీస్తుంటే అడ్డు చెప్పను, అలాగని నమ్మనూ నమ్మను. నా భయాలన్నీ కంటికి కనబడేవే. జ్వరం, పాము, బస్సు, నీళ్ళు. పాప నిద్రపోయాక కూర్చుని ఇది రాస్తున్నది ఎవర్నీ నమ్మించడానికి కాదు. జరిగింది జరిగినట్టు ఒకచోట ఉండాలని.

మాది పి.గన్నవరం దగ్గర కాలువ గట్టు మీది ఊరు. బడి గుమ్మానికీ కాలువకీ మధ్య పది అడుగులు కూడా ఉండవు. బడిలో బోరు లేదు. ఇంటర్వెల్ గంట కొట్టగానే పిల్లలందరూ పలకలు కడుక్కోవడానికి రేవులోకి పరుగెడతారు. మెట్ల నిండా నాచు. పోయిన వానాకాలంలో రెండో తరగతి పిల్ల ఒకతి జారిపడితే పడవవాళ్ళు చూసి తీశారు. అప్పటికి మా స్వాతిని ఒకటో తరగతిలో చేర్చి నెలయింది. ఆ రోజు నుంచీ గంట వినబడితే చాలు, చేతిలో పని ఆగిపోయేది.

మేం అడిగినవి రెండే. రేవుకి ఇనుప కటకటాలు, పిల్లల్ని చూసుకోవడానికి ఒక ఆయా. పద్దెనిమిది మంది తల్లులం కలిసి మండల ఆఫీసులో అర్జీ ఇచ్చాం. డబ్బు లేదని తిప్పి పంపారు. మళ్ళీ వెళ్ళాం. ఈసారి మండల ప్రెసిడెంటు గారు మర్యాదగానే మాట్లాడారు.

"ఇంతవరకూ ఎవరూ పోలేదు కదమ్మా?" అన్నారు.

ఎవరి పిల్ల పోవాలండీ అని అడగబోయాను. ఆయన అప్పటికే ఇంకొకరి అర్జీ అందుకున్నారు. దారి పొడుగునా ఆ మాటే నన్ను తినేసింది. మేం చెబితే వినరు, కళ్ళతో చూస్తే వింటారేమో అనిపించింది.

ఆ వారమే మా పక్కింట్లో పెళ్ళి. అమలాపురం నుంచి వీడియో తీసే అతను వచ్చాడు. బతిమాలి మర్నాడు ఇంటర్వెల్ వేళకి రేవు దగ్గరికి తీసుకెళ్ళాను. హెడ్మాస్టారు గారు కూడా వచ్చారు.

"పెళ్ళికూతురెవరండీ ఇక్కడ?" అన్నాడతను కెమెరా భుజానికెత్తుకుంటూ.

గంట కొట్టారు. పిల్లలు వచ్చారు, కడుక్కున్నారు, తోసుకున్నారు, వెళ్ళారు. పది నిమిషాలు. ఆ పది నిమిషాలూ నేను అతని పక్కనే నిలబడి ఉన్నాను. మెట్ల మీద పిల్లలు తప్ప పెద్దవాళ్ళెవరూ లేరు. ఈ మాట ఎక్కడైనా చెప్పగలను.

మావారు దుబాయ్ నుంచి సెలవుకొచ్చినప్పుడు తెచ్చిన వీసీఆర్‌లో ఆ క్యాసెట్ వేసి చూసుకున్నాను. నిజం చెప్పాలంటే నేను రేవుని చూడలేదు. నా కళ్ళు స్వాతి మీదే. ఆఖరి మెట్టు మీద ఒక చెయ్యి పైకెత్తి, పక్కకి వాలి నిలబడింది. పడిపోకుండా ఆపుకుంటోంది కాబోలు అనుకున్నాను.

టీవీ, వీసీఆర్ దుప్పట్లో చుట్టి, రిక్షాలో పెట్టుకుని హెడ్మాస్టారు గారూ నేనూ మండల ఆఫీసుకి వెళ్ళాం. ప్రెసిడెంటు గారు, ఇంజనీరు గారు కుర్చీలు దగ్గరికి లాక్కుని చూశారు. సగంలో ప్రెసిడెంటు గారు నావైపు తిరిగారు.

"ఆయా ఉన్నారు కదండీ మీకు. చక్కగా పట్టుకుంటున్నారు. ఇంకోరెందుకండీ?"

అప్పుడు చూశాను. నీటికి ఆనుకున్న మెట్టు మీద ఒకావిడ. గోధుమరంగు నేత చీర, కొంగు నడుముకి బిగించింది. వీపు మావైపు. వంగిన ప్రతి పిల్ల జబ్బా పట్టుకుంటోంది, లేచాక వదులుతోంది, తరవాతి పిల్ల వైపు తిరుగుతోంది. తొందర లేదు. ఎన్నో ఏళ్ళుగా చేస్తున్న పనిలా ఉంది.

మా బళ్ళో ఆయా లేరని హెడ్మాస్టారు గారు రెండుసార్లు చెప్పారు. మేమేదో దాస్తున్నామని ఇంజనీరు గారు నవ్వారు. తానే వచ్చి చూస్తానని ప్రెసిడెంటు గారు లేచారు. నేను తీయించిన వీడియోనే మా అర్జీని ముంచేసిందని, ఆ తల్లులకి మొహం ఎలా చూపించాలా అని రిక్షాలో ఏడుపొచ్చింది.

మూడో రోజు ప్రెసిడెంటు గారు చెప్పకుండా, సరిగ్గా ఇంటర్వెల్‌కే వచ్చారు. కబురు తెలిసి పరుగెత్తాను. నేను వెళ్ళేసరికి ఆయన మోకాళ్ళ దాకా తడిసి మెట్ల మీద ఉన్నారు. ఒక పిల్లాడి చొక్కా ఆయన గుప్పిట్లో ఉంది. కాలు జారిన వాణ్ణి పట్టుకోవడానికి చెప్పులతోనే నీళ్ళలోకి దిగారట. ఆవిడ లేదు.

వాణ్ణి గట్టెక్కించి పిల్లల్ని అడిగారు, ఇక్కడ ఒకావిడ నిలబడతారా అని.

"ఆయ్" అని తలలూపారందరూ.

ఎవరని అడిగితే పేరు తెలీదన్నారు.

"మరి ఇవాళ రాలేదేమమ్మా?"

మా స్వాతి పలక గౌనుకి తుడుచుకుంటూ చెప్పింది.

"మీరొచ్చేరు కదండీ."

ఆయన తడిసిన చెప్పులు చేత్తో పట్టుకుని గట్టెక్కారు. రెండు నెలల్లో శాంక్షన్ వచ్చింది. కటకటాలకి పచ్చరంగు వేసిన రోజు మేం పద్దెనిమిది మందిమీ రేవులో నిలబడి ఒక్కో కమ్మీ ఊపి చూశాం. కదల్లేదు. సంతకం రానివాళ్ళు కూడా ఇది మేం తెచ్చిందే అని ఊరంతా చెప్పుకున్నారు, నేనూ చెప్పుకున్నాను. మాలో ఒకరైన సత్యవతి గారు ఆయాగా చేరారు. ఇంత చదివి ఏం చేశావని ఎవరైనా అడిగితే నేను ఆ రేవునే చూపిస్తాను.

ఆ క్యాసెట్ ఊళ్ళో ముసలివాళ్ళకి చూపించాను, పడవవాళ్ళకి చూపించాను. మొహం కనబడదు కాబట్టి ఎవరూ పోల్చలేకపోయారు. వీడియో తీసిన అతను, తన కంటికి ఆ రోజు పిల్లలే కనిపించారని ఇప్పటికీ అంటాడు. కెమెరాలో లోపమని మావారు ఉత్తరం రాశారు. కావచ్చు. లోపం అంత జాగ్రత్తగా ఎలా ఉంటుందో నాకు తెలియదు.

స్వాతి చెయ్యి పైకెత్తిన చోట బొమ్మ ఆపి చాలాసార్లు చూశాను. అది ఆపుకోవడం కాదు. దాని జబ్బ చుట్టూ ఉన్న ఇంకో చెయ్యి ఎవరిదో ఇవాళ్టికీ చెప్పలేను. నా పిల్లని మాత్రం గట్టిగా పట్టుకుని ఉంది.